చూసిన వరుసలు, ఇచ్చిన వరుసలు

పైనుంచి ఫోను: "ఆ నలభై ఒకటి ఎవడో పట్టు.
రోజూ పొద్దుమూకే యాళ్లకు సర్వర్‌ను గోస పెడుతున్నడు."

బాదేపల్లి మార్కెట్ యార్డు.
దడువాయిలు రిజిస్టర్లు పడేసే అర్రల
సర్వర్‌కు టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టి
లాగ్ ఫైలు విప్పిన.

ఐడీ 41.
మనిషే అనుకున్న ముందు.
కమీషన్ కాడ పగ పట్టిన అడ్తిదారు అనుకున్న,
పని లేని పోరడెవడో అనుకున్న.
నిన్నటి 41 పత్తి ధర అడిగి పోయింది.
మొన్నటి 41 రాత్రి బ్యాకప్.
పేరు కాదది.
హమాలి గోనె మీద సుద్దతో గీసే గీత.
లారీ ఎక్కేలోపు చెరిగిపోతది,
తెల్లారి అదే గీత ఇంకో గోనె మీద.

యూజర్: యార్డ్ యాప్. అందరికీ అదే.
హోస్ట్: లోకల్.
మక్తల్ నుంచి వచ్చినా, మిడ్జిల్ నుంచి వచ్చినా
దీని లెక్కల అందరిదీ ఈ అర్రే.
మా నాయిన పుణెల మట్టి మోసినన్నాళ్లు
మేస్త్రీ బుక్కుల ఆయన పేరు
'పాలమూరు, మూడో గుంపు'.

ఇగ మిగిలింది అడిగిన మాట ఒక్కటే:
చివర 0417 ఉన్న చీటీ ఏది?
చూసిన వరుసలు 2,12,604.
ఇచ్చిన వరుసలు 0.
పన్నెండు నిమిషాలకు మళ్లా అదే మాట, ఐడీ 58.
మళ్లా, ఐడీ 73.
రెండు లక్షల చీటీలు తిరగేసి
ఉత్త చేతులతో వచ్చి నిలబడుతుంది ప్రతిసారీ.
తిట్టేది దాన్నే.

5:52.
కుర్చీల నుంచి లేచిన.
షెడ్డు కింద, టచ్ స్క్రీన్ డబ్బా ముందర ఒకామె.
ఆశమ్మ, ఊట్కూరు దిక్కు.
మూడు రాత్రులాయె పల్లికాయ రాశి పక్కనే పండుకోబట్టి.
కొంగు ముడిల నుంచి చీటీ తీసి
చూపుడు వేలితో ఒక్కొక్క అంకె ఒత్తుతున్నది,
తేలు మీద వేలు పెట్టినట్టు.
"ముందల సున్నా ఉన్నది గద సారూ,
అది గూడ ఒత్తిన. ఏం జెప్తలేదు."

చీటీల ఉన్నది.
మా పట్టికల లేదు. 417 అని ఉన్నది.
అంకెల గడిల ముందటి సున్నా నిలవదు,
ఆ గడి గీసింది నేనే, పోయిన వానకాలం,
తొందరల.
ఆమె ఉన్నది ఉన్నట్టు చదివింది.

పైకి రాసిన: 41 ఎవరూ కాదు.
ఇంకేదో రాద్దామని తుడిపేసిన.
గడి మార్చిన, చీటీలన్నీ మళ్లా ఎక్కించిన, తెల్లారింది.
రాశి కాంటకెక్కింది.
మూడు రోజుల కింద ధర ఎంతుండెనో ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.

ఈ సాయంత్రం ఫైలు ఖాళీ.
ఆలస్యమైనోళ్లనే రాసుకుంటదది.
పని అయినోళ్ల ముచ్చట దానికెందుకు?

కీబోర్డు సందుల్ల ఎర్రటి పల్లి పొట్టు.
ఆమె దోసిలి నిండా పెట్టిపోయిన బుడ్డలు
సున్నా మీట పక్కన
ఇంకా రెండు మిగిలినయి.