వాలు

ఫ్రిజ్ పెట్టాల్సిన మూలలో
నేల నుంచి కప్పు దాకా ఒక ప్లైవుడ్ పెట్టె.
ఆరేళ్ళుగా దాని మీదే క్యాలెండరు.
అమావాస్యలూ, చెత్తబండి వచ్చే రోజులూ
ఒకే పెన్నుతో చుట్టేవాళ్ళం.
లోపల ఏముందో అందరికీ తెలుసు.
పప్పులో తిరగమోత వేస్తుంటే
పైన ఎవరో ఫ్లష్ నొక్కుతారు,
పెట్టెలోంచి ఓ జలపాతం దిగిపోతుంది.
చుట్టాలుంటే అప్పుడు మిక్సీ వేసేదాన్ని.

సోమవారం పొద్దున్నే కీత్ ఆష్‌వర్త్ వచ్చాడు.
రాచ్‌డేల్‌లోనే పుట్టినవాడు,
అరవై దాటాయి, మోకాళ్ళకి తొడుగులు.
పెట్టె విప్పితే
నల్లటి పోత ఇనుము, నాలుగంగుళాల లావు,
అతుకుల్లో సీసం, సీసం కింద జనపనార.
"మా నాన్న ఈడుది" అని
ముసలి ఎద్దుని తట్టినట్టు తట్టాడు.

ఆ పూటంతా మాకు దొడ్డి లేదు.
పక్కింటి మౌరీన్ తాళంచెవి ఇచ్చి
"తలుపు కొట్టక్కర్లేదు, మెట్లెక్కి కుడివైపు" అంది.
వర్ణిక నాలుగుసార్లు వెళ్ళింది,
అందులో రెండు బిస్కెట్ల కోసం.
శేషు మాత్రం మధ్యాహ్నం దాకా బిగబట్టి
సూపర్‌మార్కెట్టుకి పోయి
అక్కర్లేని ఉల్లిపాయలు కొనుక్కొచ్చాడు.

గ్రైండర్ కేక. నిప్పురవ్వలు.
ముక్కు మూసుకుని నిలబడ్డాను.
వచ్చింది తుప్పు వాసన, తడిమట్టి వాసన,
అంతే.
"కాస్త పట్టుకోండి" అన్నాడు.
పట్టుకున్నాను.
మూడడుగుల ముక్క,
నిద్రపోయిన ఐదేళ్ళ పిల్లంత బరువు.

టీ తాగుతూ కిటికీలోంచి వెనక సందు చూపించాడు.
"ఇదెందుకు వదిలారో తెలుసా?
రాత్రుళ్ళు బకెట్ల బండి వచ్చేది.
మా ముత్తాత దాని వెనక నడిచేవాడు.
ముందు వీధిలో వాళ్ళు కనబడకూడదు."
చెప్పి, ఇంకో చెంచా చక్కెర అడిగాడు,
మేం తాగే స్టీలు గ్లాసు ముందుకు చాపి.

తెనాలిలో మా అమ్మమ్మగారింటికీ
వెనక ఒక చిన్న తలుపు ఉండేది,
నడుమెత్తు, బయటినుంచే తీసేది.
తెల్లారగట్ట రేకు గీరిన చప్పుడు.
ఒకసారి గాజుల చెయ్యి.
నేను చూసింది అంతవరకే.
ఆవిడ పేరేంటని అడిగితే
అమ్మమ్మ పని పేరు చెప్పింది,
రెండక్షరాలు.

ఈ ఊరొచ్చిన మొదటేడు బస్టాపులో
కారు అద్దం దించి ఒక కుర్రాడు
అవే రెండక్షరాలు నా మీదికి విసిరి పోయాడు.
వాడు విరిచింది ఏదో దేశం పేరు.
నాకు వినబడింది మాత్రం తెలుగులో.
కోపం రావడానికి ముందు
ఆ చెయ్యి కనబడింది, గాజులతో.
శేషుకి కూడా చెప్పలేదిది.

మంగళవారం కొత్త గొట్టం, బూడిదరంగు ప్లాస్టిక్,
గోడ అవతలకి.
మీటరుకి పాతిక మిల్లీమీటర్ల వాలు.
"ఇంకాస్త వంచితే తొందరగా పోదా?" అన్నాడు శేషు.
"నీళ్ళు ముందు పరిగెత్తిపోతాయి,
అవి మోయాల్సింది వెనకే ఉండిపోతుంది"
లెవెల్లో బుడగ మీంచి కళ్ళు తియ్యకుండా అన్నాడు కీత్.

బుధవారం కౌన్సిల్ నుంచి ఒకమ్మాయి.
గొట్టం చివర్లు బిగించి గాలి నింపారు.
మూడు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.
నీటి గీత కదల్లేదు.

పాత ముక్కల్ని వెనక సందులోంచి మోస్తానన్నాడు.
ముందు గుమ్మంలోంచే, అన్నాను,
ఎందుకన్నానో వాళ్ళకి తెలీదు.
"కార్పెట్టు మీది" అన్నాడు కీత్.
దుప్పటి పరిచాను. అయినా మరక పడింది,
హాల్లో, చెప్పుల స్టాండు పక్కన.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.
వెనక గుమ్మం దగ్గరికి వచ్చేదే,
ఆవిడ పేరేంటమ్మా?
"ఏ ఆవిడ?" అంది.

పైన ఎవరో ఫ్లష్ నొక్కారు.
వంటింట్లో ఏమీ వినబడలేదు.