తొమ్మిదివందల నలభై గ్రాములు

పర్లాకిమిడిలో నాలుగింటి బస్సెక్కి
తెల్లారేసరికి దిగాం, నేనూ లింగరాజు పాఢీ.
అక్కడితో తారురోడ్డు అయిపోయింది.
ఎండాకాలం మాత్రం అయిపోలేదు,
పొద్దు పొడవకముందే చొక్కా వీపుకంటుకుంది.

ఎస్తేరు రైతా చర్చి మెట్ల మీద కూచుని
కొండచీపురు పుల్లతో చెప్పుల మట్టి గీకుతోంది.
అరవై ఉంటాయి. కళ్లద్దాలకి ఒక కాడ లేదు, దారం కట్టింది.
మమ్మల్ని పైనుంచి కిందికి చూసి
గెడ్డలోకి దిగి మూడు రాళ్లు ఏరుకొచ్చింది.
"తలో ఒకటి. వానకి వానకీ కొండ అరిగిపోతంది బాబూ,
ఎక్కినోడల్లా ఒకటి పైకి చేర్చాల. మా తాత కాడ్నుంచీ ఇదే."

నాది తూనికలు కొలతల ఆఫీసు. ఇరవై ఆరేళ్లు.
అడుగు తొలిచి సీసం తీసేసిన కిలోగుండ్లని
సంత సంతకీ తిరిగి పట్టుకున్నవాణ్ణి.
అరచేత్తో రాయిని ఒకసారి ఎగరేసి చెప్పాను:
తొమ్మిదివందల నలభై.
పాఢీ నవ్వాడు. ఎస్తేరు నవ్వలేదు.
"మరి మోసుకెళ్లు," అంది.

మొదటి గంట జీడితోటలు,
రాలిన పళ్ల పులిసిన వాసన.
ఆ తర్వాత గుగ్గిలం చెట్ల నీడ, నీడ నిండా ఈగలు.
ఊట దగ్గర ఆనపబుర్రలోంచి చోడి అంబలి తాగాం.
పాఢీ బూటు విప్పి బొబ్బ చూసుకుని
"నా వంతు కూడా నువ్వే చూసిరా" అని అక్కడే పడుకున్నాడు.
వాడి రాయిని ఎస్తేరు తన మూటలో వేసుకుంది,
ఏమీ అనకుండా.

పదకొండు దాటాక చెట్లు మమ్మల్ని వదిలేశాయి.
ఇక గడ్డి. ఆ పైన బండ.
ప్రతి మలుపులోనూ ఇదే శిఖరం అనుకుంటాను,
ఎక్కేసరికి దాని వెనక ఇంకొకటి లేచి నిలబడుతుంది,
బాకీ వసూలుకొచ్చిన అన్నదమ్ముల్లా.

సంచిలో రాయి నా వెన్నుపూసలు లెక్కపెడుతోంది.
పన్నెండుకి కిలోన్నర.
ఒంటిగంటకి రెండుంపావు.
రెండింటికి దానికి తగ్గ గుండు నా ఆఫీసులో లేదు.

ఎస్తేరు ముందు వంపు తిరిగింది.
ఈతపొద చాటున, చూసేవాళ్లెవరూ లేరని చూసుకుని,
దించాను.
ఎంత హాయి!

శిఖరం మీద ఏముందంటే ఏం చెప్పను?
పగిలిన నల్లరాళ్లు, పసుపు మచ్చల నాచు పట్టినవి.
నోట్లోంచి మాట లాక్కుపోయే గాలి.
తూర్పున ఒక మసక గీత: సముద్రమంది ఎస్తేరు,
నేను మబ్బనుకున్నాను.
జేబులో ఫోను ఉలిక్కిపడి లేచి
ఆంధ్రా సిగ్నలు మీద పదకొండు మెసేజీలు కక్కింది,
నాలుగడుగులు పక్కకేస్తే మళ్లీ ఒడిశాలో పడి నిద్రపోయింది.

మధ్యలో నడుమెత్తు రాళ్లకుప్ప.
ఆమె తనదీ పాఢీదీ మెల్లగా పెట్టింది,
గంపలో గుడ్లు సర్దినట్టు.
నేను అటు తిరిగి, కాళ్ల దగ్గరున్నదే ఒకటి తీసి
పెట్టాను.
ఆమె అద్దాలు పైకి తోసుకుని చూసింది.
గెడ్డ రాయి నున్నగా ఉంటుంది.
నాది గరుకు. దాని మీద పసుపు మచ్చ.

సంతలో ఉల్లిపాయల వాడి గుండు తిరగేసి చూస్తున్నప్పుడు
వాడు ఆకాశంలోకి ఎందుకు చూసేవాడో
అప్పుడు తెలిసింది, నేనూ అటే చూస్తున్నాను గనక.

జరిమానా రాయలేదామె.
నీళ్ల సీసా నా చేతికిచ్చింది.
"తాగు. ఎక్కడం కాదు, దిగడమే కష్టం."

దిగుతుంటే పొద్దు వాలింది.
ఈతపొద దగ్గర ఆగాను. అది అదేనా? అన్నీ ఈతపొదలే.
వేళ్ల తోలు లేచిపోయి
నునుపేదో గరుకేదో చేతికి తెలియడం లేదు.
మోకాళ్ల మీద కూచుని ఒక్కో రాయీ ఎత్తి చూశాను,
ఎగరేసి, పట్టుకుని.
ఇదీ తొమ్మిదివందల నలభై.
ఇదీ.
ఇది కూడా.

కింద ఊట దగ్గర పాఢీ టార్చి ఊపుతూ
బస్సు పోతుందిరా అని అరుస్తున్నాడు.