అరంగుళం

కట్టెల కొట్టం కప్పు మీంచి పడ్డాను.
ఎక్కలేవన్నాడు రొసామెల్. ఎక్కాను.
దిగలేవని మాత్రం అనలేదు వాడు.

నాచు పట్టిన చెక్కపెంకు జారింది.
ఆకాశం ఒకసారి కిందికొచ్చి వెళ్ళింది.
చప్పుడు బయట వినపడలేదు నాకు,
లోపల్నుంచి వచ్చింది,
ఎండు కొమ్మని మోకాలి మీద పెట్టి విరిచినట్టు.
రెండు కోళ్ళు తలలెత్తి చూసి
మళ్ళీ గింజల్లో పడ్డాయి.

పడవలో, బంగాళాదుంప గోతాల మధ్య
నన్నూ ఒక గోతంలా పడుకోబెట్టి
కాస్త్రో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.
పిండికట్టు వేస్తూ డాక్టరు పేరడిగాడు.
ఎదువీనా, అన్నాను. ఏడవకుండానే అన్నాను.
తొడ దాకా తెల్లటి కాలు,
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు.
దాని మీద రొసామెల్ బొగ్గుతో పడవ గీశాడు.
క్షమించు అన్న మాట రాయడం
వాడికి ఇంకా రాదు.

ఆ చలికాలం సముద్రం
మా పెరటి మెట్టు నాకి పోతుండేది.
ఇల్లు గుట్ట మీదికి మార్చాలన్నారు.
మార్చడమంటే మా చిలోయేలో
మరో ఇల్లు కట్టుకోవడం కాదు,
ఉన్న ఇంటినే లాక్కుపోవడం.
అడుగున దుంగలు, ముందు ఎడ్లు, చుట్టూ ఊరు.
కూలి లేదు. ఇవాళ మనింటికి వాళ్ళు,
రేపు వాళ్ళింటికి మనం.

పొయ్యి దించారు. పింగాణీ దించారు.
గోడ మీది అద్దాన్ని దుప్పట్లో చుట్టి
పసిబిడ్డలా కంచె పక్కన పడుకోబెట్టారు.
మరి దీన్నో? అంది అమ్మ నన్ను చూపించి.
ఉండనీ, అన్నాడు బెలార్మీనో మామ,
పొయ్యి కంటే బరువా ఏం?

అలా, తొమ్మిది జతల ఎడ్లు లాగే ఇంట్లో
నేనొక్కదాన్నే మనిషిని.
కిటికీలో ఆపిల్ చెట్టు నడిచింది.
కంచె నడిచింది. కట్టెల కొట్టం, దాని కప్పు,
కప్పు కింద తల వంచుకున్న రొసామెల్,
అందరూ నడిచారు.
నేను పడుకునే ఉన్నాను.

అప్పుడు విన్నాను.
ఏటవాలు దగ్గర, నేల అడుగున,
అదే చప్పుడు.
ఆపండి, ఆపండి అని అరిచాను,
దీనిక్కూడా విరిగింది!
ఎడ్ల అదిలింపుల్లో, తాళ్ళ కిర్రుల్లో
ఎవరికి వినపడుతుంది?
రొసామెల్‌కి వినపడింది.
ఎడ్లకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు,
పదకొండేళ్ళ వాడు, మోకాళ్ళ దాకా బురద.
మామ తిట్టాడు.
వంగి చూసి, తిట్టడం మానేశాడు.

దూలం చీలింది.
రెండు పక్కలా బద్దలు పెట్టి
తడి తోలుతాడుతో కట్టారు,
పడవ ఎక్కించే ముందు నా కాలికి
ముసలి హెర్మిందా కట్టినట్టే.
ఇప్పుడూ ఆవిడే పక్కన నిలబడి చెప్పింది:
బిగించండి, కానీ ఊపిరాడనివ్వండి.
ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

గుట్ట మీద ఇల్లు కుదురుకుంది, కాస్త వంగి.
గోళీ వదిలితే ఇప్పటికీ
వంటింట్లోకి దొర్లిపోతుంది.

పిండికట్టు కోశాక లోపల
సన్నగా, పాలిపోయి, పొట్టు రాలుతున్న కాలు.
నిలబడితే నేలకి అందలేదు.
ఎడమది అరంగుళం తక్కువ అన్నాడు డాక్టరు,
దర్జీలా.

విరిగిన ఎముకకి వాన కబురు ముందే తెలుస్తుందంటారు.
మా దగ్గర వాన ఆగిందెప్పుడు గనక,
కబురు కావడానికి?

ఒకటి మాత్రం ఉంది.
కిటికీ నుంచి తలుపు దాకా,
వంటిల్లు కుడిచేతి వైపు ఉండేలా నడిస్తే
నాకు కుంటే లేదు.
ఇల్లు తన వంకర ఇచ్చి నా వంకర పట్టుకుంటుంది.
తిరిగొచ్చేటప్పుడు రెండింతలు కుంటుతాను.

ఆదివారాలు రొసామెల్ వస్తాడు, ఊతకర్రతో.
టీ పోశాక తలుపు దాకా వెళ్తుంటే చూస్తాడు,
కళ్ళార్పకుండా.
నేను ఇటు మళ్ళగానే
కప్పు కడగాలంటూ లేచిపోతాడు.
కప్పు నిండుగానే ఉంటుంది.