జూన్ దాకా

స్ప్లిట్ రేవులో పడవ టికెట్లు అమ్ముతాను నేను.
గాజు పలకకి ఇవతల కూచుని
రోజుకి ఆరొందల మందిని దీవులకి సాగనంపుతాను.
"ఒక వైపేనా, రానూపోనూనా?"
నిద్రలో కూడా అడుగుతానట.
నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలో మాత్రం
ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా తేలలేదు.

మాది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
ఉన్నది ఒక్కటే పడకగది,
ఊహ తెలిసినప్పటినుంచీ అది నాదే.
అమ్మా నాన్నా హాల్లో సోఫా పరుచుకుంటారు.
రాత్రి పదకొండుకి అది ఒకసారి కీచుమంటుంది,
పొద్దున్న ఐదున్నరకి మడిచేటప్పుడు ఇంకోసారి.
మా ఇంటి గడియారం అదే.
గడియారానికి నడుం నొప్పి ఉంటుందని
ఎవరనుకుంటారు?

సెప్టెంబరులో ఒక ఇల్లు చూశాను,
వరోష్ కొండవాలున, మెట్ల సందులో.
ఒక మంచం, ఒక పొయ్యి, తలెత్తితే తగిలే కప్పు.
కిటికీ నిండా పక్కింటి గోడ,
గోడ మీద వేలెడంత సముద్రం.
ఇంటావిడ పెరీనా తాళం తిప్పుతూ చెప్పింది:
"మే ఆఖరు దాకా నీది. జూన్ నుంచి టూరిస్టులది.
వాళ్ళు మూడు రాత్రులకిచ్చేది నువ్వు నెలకిస్తున్నావు,
ఏమనుకోకమ్మా."
ఏమనుకుంటాను,
వాళ్ళకి పడవ టికెట్లు కోసేదాన్ని నేనే అయితే!

"సగం జీతం పోసి
పిల్లి పిల్లల్ని తిప్పినట్టు సామాను తిప్పుకుంటావా ఏటేటా?"
దేశా నవ్వింది.
దేశా వాళ్ళ బామ్మ గది ఖాళీ కావాలని ఎదురుచూస్తోంది,
అలా ఎదురుచూస్తున్నందుకు
ఆదివారం చర్చిలో క్షమాపణ అడుగుతోంది.
బామ్మకి తొంభై ఒకటి. నిక్షేపంలా ఉంది.

వారం రోజులు అద్దం ముందు అప్పజెప్పుకుని
శనివారం భోజనాల దగ్గర చెప్పేశాను.
అమ్మ ఏడుస్తుందని
జేబులో రుమాలు కూడా పెట్టుకున్నాను.
నాన్న చేప ముల్లు తీయడం ఆపలేదు.
ముల్లంతా తీశాక లేచి చేతులు కడుక్కుని
సొరుగులోంచి కొలత టేపు తీశాడు,
ఓడల కార్ఖానాలో పని చేసినప్పటిది.
నా గదిలోకి వెళ్ళి వచ్చి అన్నాడు:
"రెండు మీటర్ల పది. పెద్ద మంచం పడుతుంది."
నాతో కాదు. అమ్మతో.

అమ్మ ఎర్రబడింది.
అరవై మూడేళ్ళ మనిషి.

నిజం చెప్పొద్దూ, నాకు చివుక్కుమంది.
విడిచి వెళ్ళేది నేను కదా,
వీళ్ళకెందుకు ఆ వెలుగు?
రుమాలు నాకే పనికొచ్చింది,
చేతికంటిన నూనె తుడుచుకోడానికని చెప్పుకున్నాను.

నేను కదిలిన రోజు బూరా గాలి వీధుల్ని ఊడ్చేస్తోంది.
నాన్న నా పెట్టెలు మోశాడు.
మూడో అంతస్తు దగ్గర ఆగి, గోడకానుకుని,
ఆయాసమన్నాడు.
మెట్లు దిగేటప్పుడు ఆయాసమేమిటో
నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ చలికాలమంతా రాత్రి పదకొండింటికి
నా చెవులు వీధిలో వెతుక్కునేవి.
ఏ తలుపు కీచుమన్నా కళ్ళు మూతలు పడేవి.
బట్టలు ఆరేసుకున్నాను, అన్నం మాడ్చాను,
ఒక ఆదివారం సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా
హాయిగా, తర్వాత హాయిగా లేకుండా, ఉన్నాను.
అది నాదైన సాయంత్రం. ఎవరికీ అద్దెకివ్వను.

జూన్ ఒకటి. అవే పెట్టెలు. అవే మెట్లు,
ఈసారి పైకి.
అమ్మ కూర వేడి చేసి పెట్టింది.
పదకొండయ్యింది. వాళ్ళిద్దరూ గదిలోకి వెళ్ళి
తలుపు మూసుకున్నారు.
ఆ తలుపు వాళ్ళ చేత్తో మూసుకోగా
వినడం ఇదే మొదలు.

సోఫా లాగాను. కీచుమంది.
ఎక్కడ పట్టుకోవాలో తెలియక వేలు నలిగింది.
పడుకోగానే ఎడమవైపు ఏదో వీపులో దిగింది.
మూలిగానేమో,
మూసిన తలుపు వెనకనుంచి నాన్న గొంతు:
"స్ప్రింగు ఊడింది వీన్కా, చాలా ఏళ్ళయింది.
కుడివైపుకి జరుగు."

జరిగాను.
కుడివైపు మెత్తగా ఉంది.
అది అమ్మ వైపు.