రెండు వేళ్ళ వదులు

ఐదింటి బస్సు ఆపేశారు.
బేకరీ పొయ్యి మాత్రం ఐదున్నరకే రాజుకోవాలి.
పద్దెనిమిది వాయిదాలకు ఒప్పుకుని తెచ్చుకున్నాను
నూట పాతిక సీసీ బండి,
బచ్చలిపండు రంగుది.

సీటు మీద ప్లాస్టిక్ తియ్యొద్దన్నాడు షోరూము కుర్రాడు,
మెరుపు పోతుందని.
దోన్ ఎవేలియో వస్తూనే దాన్ని చర్రున చింపాడు.
"తడి ప్లాస్టిక్ మీద కూర్చుని దిగుడులో బ్రేకు వేస్తే
ట్యాంకు మీదుంటావు, పిల్లా."
నాకు నలభై రెండు.
ఈ వీధిలో నన్నింకా పిల్లా అనేది ఆయనొక్కడే.

మనిసాలెస్‌లో చదును నేలంటే
ఫుట్‌బాల్ మైదానమే, అదీ గంటకింతని అద్దెకి.
మిగతా ఊరంతా ఎక్కుడో, దిగుడో,
రెంటి మధ్యా పొగమంచో.

మొదటి వారం ఎక్కడికీ పోలేదు మేం.
ఇంజను ఆపి, చర్చి వెనక సందులో
దూడని తోలినట్టు తోసుకుంటూ తిరిగాను.
దాని బరువు నా నడుముకి తెలియాలట.
రెండుసార్లు పడేశాను.
వీపు సీటుకానించి, మోకాళ్ళు వంచి,
కాళ్ళతో లేపమన్నాడు, చేతులతో కాదు.
యాభై కిలోల పిండి బస్తాలు మోసేదాన్ని,
అది నాకొకరు చెప్పాలా?
అయినా చెప్పించుకున్నాను.

కొత్త టైరు పసిపిల్ల అరికాలు, నున్నన,
కాస్త నేల గీసుకోనీ, అప్పటిదాకా మలుపుల్లో ఒరగకు.
ఐదొందల కిలోమీటర్లదాకా ఇంజను గొంతు చించుకోకూడదు,
అలాగని ఒకే శ్రుతిలో మూలగనూ కూడదు.
ముందు బ్రేకు నిమ్మచెక్క పిండినట్టు పిండు,
ఈగని కొట్టినట్టు కొట్టకు.
తెల్లగీతల మీద వాన పడితే అవి సబ్బు.
ఆయన చెప్తూ పోయాడు,
నేను రొట్టెల లెక్క పుస్తకంలో వెనక పేజీ నుంచి రాసుకుంటూ వచ్చాను.

రెండు వాయిదాల డబ్బు హెల్మెట్‌కే పెట్టానని
మా అక్క ఫ్లోరాల్బా పొట్ట పట్టుకుని నవ్వింది.
నవ్వనీ.
దాని తలకి నా తలకీ తేడా ఉంది,
నాది పొద్దున్నే రోడ్డెక్కుతుంది.

ఆదివారం, చైను.
గిన్నెలో కిరసనాయిలు, పాత పళ్ళ బ్రష్షు.
"ఇంజను ఆపి చెయ్. ఆపి.
తాళం జేబులో వేసుకుని చెయ్."
ఒకే మాట మూడుసార్లు అనే మనిషి కాదే అని
అప్పుడు చూశాను ఆయన కుడిచేతిని,
ఇన్నేళ్ళుగా ఉప్పూ పంచదారా అందుకున్న చేతిని.
చూపుడువేలు ఉండాల్సిన చోట గాలి.

పంతొమ్మిదేళ్ళ వయసట. డాన్సుకి టైమైపోతోందట.
చక్రం తిరుగుతుండగానే గుడ్డ పెట్టి తుడిచాడట.
గుడ్డ ముందు పోయింది.

"చైను రెండు వేళ్ళ వదులుండాలి కింద,
బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే జారుతుంది.
నా కొలత సరిపోదు.
నీ వేళ్ళివ్వు."
ఇచ్చాను.
నల్లటి నూనె గోళ్ళ సందుల్లోకెక్కి
మర్నాడు మూడు సబ్బులకీ పోలేదు.
మైదా బదులు జొన్నపిండి వాడావా అని
యజమాని నా చేతులకేసి అదోలా చూశాడు.

నాలుగొందల తొంభై ఆరు.
ఈ ఆదివారం ఆయన దిగి రాలేదు, మోకాళ్ళట.
నేనే కూర్చున్నాను గట్టు మీద,
పాత ఆయిలు తీసి డబ్బాలో పట్టాను,
చక్రం చేత్తో తిప్పి ఒక్కో చోటా వేళ్ళు పెట్టి చూశాను.
ఒకచోట రెండు, ఇంకోచోట రెండున్నర.
రెండున్నర అంటే ఏం చెయ్యాలో
లెక్క పుస్తకంలో లేదు.

తలెత్తి అడుగుదామనుకునేలోపే
పైన బాల్కనీ నుంచి గొంతు:
"తాళం?"

జేబులోంచి తీసి
ఊపాను, గలగలమనేలా.