ఉత్పన్నం కాదు

సిరొంచ తహసీలు ఆఫీసు గోడ నీడల
ఇరవయ్యారేండ్లుగా అర్జీలు రాస్తున్న.
వచ్చేటోళ్ల నోట్ల తెలుగు, పోయే కాయితం మీద మరాఠీ,
నడుమ నేను, అర్జీకి ముప్పై రూపాయలు.

దుర్గం సాలుబాయి బండొర్రె కాణ్ణుంచి నడిచొచ్చింది.
ఢిల్లీ జవాబు తెచ్చింది, పాలిథిన్ సంచిల,
రేషన్ కార్డుకు జోడుగ మడిచి.
"సదివి చెప్పు బాపూ, మంత్రి ఏమన్నడు?"

మంత్రివర్యులు తెలుప కృప చేయుదురా, అని మొదలు.
కృప!
అడగటానికే ఇంత వంగాలె.
క. బండొర్రెపై వంతెన లేనందున వానకాలంలో ప్రజలకు
అసౌకర్యం కలుగుతున్న మాట వాస్తవమేనా?
ఖ. అయితే, తీసుకున్న చర్యలేవి?
గ. తీసుకోకుంటే, కారణాలేవి?
దాని కింద జవాబు, రెండే వరుసలు:
క. అట్టి సమాచారమేదీ లేదు.
ఖ, గ. ఉత్పన్నం కాదు.

"అంటే?"
"అంటే, ఆ ప్రశ్న పుట్టదని."

సంచి మూతి ముడేసింది, విప్పింది, మళ్ల ముడేసింది.
పోయిన శ్రావణంల కోడలిని మంచం మీద మోసుకొచ్చి
ఒర్రె దిగేదాక
ఒక రాత్రి, ఒక పగలు, మళ్ల సగం రాత్రి
ఒడ్డున కూసున్నరు. తల్లి దక్కింది.

"పుట్టనిదానికి
ఇంత కాయితమెందుకు బాపూ?"

నాకు తెలిసినంత చెప్పిన.
చుక్క గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితోని చెప్పాలె,
మీదికెల్లి ఇంకోటడిగితే దానికీ చెప్పాలె.
చుక్క లేకుంటే కాయితమే గతి.
మన ప్రశ్నకు చుక్కున్నది.
చీటీలేస్తే తొమ్మిదో నంబరొచ్చింది.
ఆ దినం మూడో ప్రశ్న కాణ్ణే లొల్లి లేచింది, సభ వాయిదా.
మన చుక్క పగటిపూటనే రాలింది.
ఎవరో గుమస్తా, నాలాంటోడే, రాసిన ముక్కను
బల్ల మీద పెట్టిన్రు.
పెడితే చెప్పినట్టేనట.

"మా గ్రామసభల" అన్నది సాలుబాయి,
"మడావి జంగును రేకుల లెక్క అడిగినం.
చెప్పేదాక కూసోనియ్యలే.
ఎండల మజ్జిగిచ్చినం గని కూసోనియ్యలే.
నాలుగు రేకులు వాళ్ల బామ్మర్ది కొట్టం మీద దొరికినయి.
ఆడ గట్లుండదా?"

ఉండదని చెప్ప సిగ్గయింది,
ఆ సభను నేనే కట్టించినట్టు.

ఆ రాత్రి కరెంటు లేదు. ప్రాణహిత అవతలి గట్టున దీపాలు.
కందిలి పెట్టుకుని, ఎవ్వరడగకున్నా, ఒక అర్జీ రాసుకున్న.
రాలిన చుక్కలు మర్నాడు మళ్ల లేవాలె.
సమాచారం లేదన్నవాడు ఎవరినడిగిండో పేరు చెప్పాలె,
తహసీల్దారునా, తలాఠీనా, ఒర్రెనా?
సభ నడవని దినం మంత్రి బతికిపోయిన దినం కావద్దు.
ఇస్తనన్న మాట తీరేదాక, శాఖ మారనీ కుర్చీ మారనీ,
ఏడాదికొకసారి వచ్చి ఆ మాటను ఆడ్నే నిలబడి సదవాలె.
ఇంకా ఏదో రాయబోయి
నకళ్ల కట్ట విప్పిన, సాలుబాయి పాత అర్జీ కోసం.

గైరసోయ్.
నా చేతిరాతే, గుండ్రంగ, అందంగ.
ప్రజలకు గైరసోయ్ కలుగుతున్నది, అని.
ఆమె అట్ల చెప్పలే.
నా మనుమరాలు బొడ్డు కొయ్యకముందే సచ్చిపోయింది, రాయి, అన్నది.
ఆఫీసు కాయితానికి అది బాగుండదని
నేనే మార్చిన.
ఢిల్లీ దాక పోయింది నా మాటే.
అసౌకర్యం ఉన్నట్టు సమాచారం లేదన్నడు మంత్రి.
అబద్ధమని ఎట్లంటా?

సోమవారం ముప్పై రూపాయలు వాపసిచ్చి
సంగతి చెప్పిన.
సాలుబాయి పైసలు ముట్టలే. తిట్టలే.
నేను ఎప్పటిలెక్క చాప మీద కూసోబోతుంటే
"కూసోకు" అన్నది.

కాయితం గోడకు అదిమి
నిలబడే రాసిన.
అక్షరాలు వంకరపోయినయి.