పంటి బిగువున

స్టేషన్లో మా ఇంజను వంకరగా నిలబడుతుంది.
ముక్కు నేలకి, నడుము గాల్లోకి,
జారిపోయిన ఉంగరం వెతుక్కునే ముసలమ్మలా.
ఫొటోలు తీసుకునేవాళ్ళు నవ్వుతారు.
నవ్వనీ.
కొండ మొదలయ్యాక చూడాలి దాన్ని.
వాలు మీదే అది నిటారు.
బాయిలర్లో నీళ్ళు అక్కడే సమంగా పడుకుంటాయి.

నా పేరు రెగులా. బొగ్గు వేసేదాన్ని. ఇది మొదటి వేసవి.
మా బండి పెట్టెని లాగదు, వెనక నుంచి నెడుతుంది,
బడికి పోనని మొండికేసిన పిల్లని నెట్టినట్టు.
పట్టాల నడుమ ఇంకో పట్టా, దానికి పళ్ళు.
చక్రానికీ పళ్ళే.
పంటి బిగువున, పన్నుకి పన్ను,
ఏడు కిలోమీటర్లు.
ఒక్క పన్ను ఎగ్గొట్టినా ఒప్పుకోదు కొండ.

"రోజూ స్వర్గానికి పోయొస్తావు, ఎలా ఉంటుంది?"
అంటారు ఊళ్ళో.
ఏం చెప్పను?
సరస్సు ఏ మలుపులో పచ్చబడుతుందో నాకు తెలీదు.
నాది చెవికి తెలిసిన కొండ.
సొరంగంలో మా ఊపిరి మాకే ఎదురొస్తుంది.
దేవదారులు అయిపోగానే చప్పుడు పలచబడుతుంది.
ఆవుల మెడగంటలు వినిపిస్తే నీళ్ళు పట్టే చోటు:
అక్కడ క్రిస్టెన్ ఒక చీజు చక్రం ఎక్కిస్తాడు,
వారం నాటి పేపరూ, రేడియోకి బ్యాటరీలూ దించుకుంటాడు.
బాకీలు ఎవరూ రాసుకోరు.
ఆపైన మార్మట్ల ఈల. ఆపైన ఏమీ లేదు, నా పార చప్పుడే.

ఆ మంగళవారం మెల్కియోర్ ఎక్కాడు.
నలభై వసంతాలు ఈ పట్టాల మీది మంచు తవ్వినవాడు.
వయసులో నడిచెక్కి నడిచే దిగేవాడట.
మోకాళ్ళు మొరాయించాక నడిచెక్కి, బండిలో దిగాడు.
తర్వాత్తర్వాత రానూపోనూ టిక్కెట్టే.
ఈసారి పోను మాత్రమే కొన్నాడు.
కౌంటర్లో సబీన్ రెండుసార్లు అడిగిందట.
"పైకే" అన్నాడట, చిల్లర లెక్కపెట్టుకుంటూ.

ఆ పూట నా పార బరువుగా లేచింది.

శిఖరం మీద మబ్బు. చేయి చాపితే చేయి లేదు.
డబ్బు పోసి వచ్చినవాళ్ళు
ఆ తెల్లదనానికే వీపు పెట్టి ఫొటోలు దిగారు.
హోటల్లో సూప్ అయిపోయింది.
నేను బూడిద లాగుతూ చూస్తూనే ఉన్నాను:
అంచున ఇనప కంచె, కంచె దగ్గర ఒక టోపీ,
కాసేపు ఉంది,
కాసేపు లేదు.

దిగే వేళకి ఈల వేశాం. అతని సీటు ఖాళీ.
డ్రైవర్ హైరి గడియారం చూశాడు. నేను చూడలేదు.
అప్పుడు మా మెట్టు మీద ఎవరో దగ్గారు.
"ఇక్కడ నిలబడటానికి టిక్కెట్టు అమ్మరంట,
అందుకే కొనలేదు."

రూలు ఒప్పుకోదు.
హైరి అటు తిరిగి, ఎన్నడూ లేనిది,
మబ్బుని మెచ్చుకోవడం మొదలెట్టాడు.

దిగేటప్పుడు బొగ్గు అక్కర్లేదు,
కానీ నీటిగాజు మీంచి కన్ను తీయకూడదు.
"ఇవాళ అది నేను చూసుకుంటాలే" అన్నాడు హైరి.
ముసలాయన మంట తలుపు తీయించాడు.
"నలభై ఏళ్ళు మీకు దారి తవ్వాను,
లోపలేముందో ఒక్కడూ చూపించలేదు."
చేతులు చాపాడు. రెండు వేళ్ళకి కొసలు లేవు, మంచు తినేసింది.
లేని ఆ కొసల్ని కూడా
తిప్పి తిప్పి కాచుకున్నాడు.

నా చేతులకి పని లేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
కడ్డీ పట్టుకుని బయటికి వంగాను.
పాదాల కింద మబ్బు చిరిగింది.

"ఏం కనిపిస్తోంది?" అడిగాడు, మంట మీంచి కళ్ళు తిప్పకుండా.
"నీళ్ళు."
"పచ్చగా ఉన్నాయా?"
"లేవు. బూడిద రంగు."
"ఆగు" అన్నాడు. "ఇంకో మలుపు."